నరసరాజు గారి చెవి

ఇంద్రేశంలో నరసరాజుకు నచ్చిన మనిషి ఒక్కడూ లేడు. లేఅవుట్ వేసినవాడు దొంగ, మురుగుకాలువ తవ్వినవాడు గుడ్డివాడు, కరెంటు స్తంభం పాతినవాడు పచ్చి తాగుబోతు. ఎదురింటి మేడకు స్లాబు పోసిన మేస్త్రీకి నీళ్లు పల్లానికే పారతాయన్న సంగతి కూడా తెలియదు. రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసుతో గేటు దగ్గర నిలబడి ఆయన ఈ విధంగా లోకాన్ని తనిఖీ చేస్తాడు. పటాన్‌చెరు పక్కన ప్రభుత్వ కర్మాగారంలో, రేకులు ఒత్తే ప్రెస్ షాపులో, జీవితమంతా చేసిన పని అదే. రిటైరయ్యాక తిప్పి పంపడానికి సరుకు లేకపోయేసరికి మనుషుల్ని తిప్పి పంపడం మొదలుపెట్టాడు.

అలాగని ఆయన గొప్ప ఉత్తుత్తిదేం కాదు. భీమవరం పక్క పల్లె నుంచి రేకు పెట్టెతో వచ్చి చేరిన కుర్రాడు, పదేళ్లు తిరక్కుండానే షాపులో 'చెవిరాజు' అనిపించుకున్నాడు. ఏ మెషీనైనా గొంతు మార్చిందంటే, ఇంజనీర్లు డ్రాయింగులు పరుచుకునేలోగా నరసరాజు వచ్చేవాడు. చేతిలో మూరెడు పొడుగు స్క్రూడ్రైవరు. దాని మొన మెషీన్ ఒంటికి ఆనించి, చెక్క పిడిని చెవికి నొక్కి పట్టి, కళ్లు మూసుకునేవాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టేవాళ్లు. "లోపలి బేరింగు," అనేవాడు. లేకపోతే "గేరు పన్ను విరిగింది," అనేవాడు. విప్పి చూస్తే అదే అయ్యేది.

లోపం లేకపోతే మాత్రం నోరు విప్పేవాడు కాదు. స్క్రూడ్రైవరు పక్కవాడి చేతిలో పెట్టి వెళ్లిపోయేవాడు. బాగున్నదాన్ని బాగుందని చెప్పడం ఆయన దృష్టిలో నోటి దండగ. దాంతో షాపులో అదే ఆనవాయితీ అయిపోయింది. రాజుగారు స్క్రూడ్రైవరు చేతికిచ్చారంటే మెషీన్ నడుపుకోవచ్చు. ఇంకో మాట అడగాల్సిన పని లేదు, అడిగితే తిట్లు తినాలి.

సేఫ్టీ వాళ్లు చెవుల్లో పెట్టుకోమని నారింజ రంగు రబ్బరు బిరడాలు పంచేవారు. ఆ రోజు నరసరాజుకు పండగే. "వంటవాడు ముక్కుకు గుడ్డ కట్టుకుని వంట చేస్తాడ్రా?" అని ఆ పంచేవాడి మొహం మీదే అడిగేవాడు. షాపంతా గొల్లుమనేది. ఎవడైనా భయపడి పెట్టుకుంటే వాణ్ణి సాయంత్రం బస్సెక్కేదాకా 'పెళ్లికూతురా' అని పిలిచేవాళ్లు. అలా ఒక్కొక్కడూ తీసి జేబులో వేసుకున్నాడు. నరసరాజు తన వంతువి ఇంటికి తెస్తే, భార్య కమలాకుమారి వాటిని నూనె సీసాలకు మూతలుగా పెట్టుకునేది. దీపారాధన నూనె సీసాకు ఇప్పటికీ ఆ నారింజ మూతే.

రిటైరయ్యాక ఆరేళ్లలో ఆయన్ని ఏ మెషీన్ దగ్గరికీ ఎవరూ పిలవలేదు. పిలుస్తారని ఎదురుచూశాడు. ఎదురుచూస్తున్నానని తనతో తాను ఒప్పుకోవడానికి కూడా సిగ్గుపడి, లోకంలో పని తెలిసినవాడే లేడని అందరికీ చెప్పుకుంటూ తిరిగాడు. అలాంటిది ఒక శనివారం పవన్‌కుమార్ ఫోన్ చేశాడు. ఈ పవన్‌కుమార్ ఒకప్పుడు ఆయన కింద ట్రైనింగు అయిన కుర్రాడు. కొలత పరికరం తిరగేసి పట్టుకునే రకమని అప్పట్లో నరసరాజు తేల్చేశాడు. ఇప్పుడు పాశమైలారంలో సొంత ప్రెస్ యూనిట్ పెట్టుకున్నాడు.

"సార్, ఒక పెద్ద ప్రెస్సు కొన్నాం, సెకండ్ హ్యాండ్‌ది. క్లచ్చు దగ్గర సన్నగా కీచుమంటోంది. మొన్న పెడల్ తొక్కకుండానే దానంతటదే ఇంకోసారి దిగింది. అదృష్టం బాగుండి అప్పుడు ఎవరి చెయ్యీ కింద లేదు. మెషీన్ కంపెనీ వాళ్లేమో మొత్తం విప్పాలంటున్నారు. విప్పితే ఆర్డరు ఆగిపోద్ది సార్. సోమవారం మీరొచ్చి ఒక్కసారి చెవి పెట్టండి. మీరు ఓకే అంటే నడిపించుకుంటాను. ఆ తర్వాత కూడా వారానికో రోజు వచ్చి మా మెషీన్లు చూసి వెళ్దురుగాని."

"చూద్దాంలే," అని విసుగ్గా ఫోన్ పెట్టేశాడు నరసరాజు. పెట్టేసి, బీరువా మీది నుంచి స్క్రూడ్రైవరు దింపి, కొబ్బరినూనె రాసి తుడిచాడు. కమలాకుమారి చేత తెల్లచొక్కా ఇస్త్రీ చేయించాడు. చేసినదాంట్లో ముడత ఉందని మళ్లీ చేయించాడు.

ఇక మిగిలింది కారు. అది పద్దెనిమిదేళ్లనాటి తెల్లకారు. కొన్నాళ్లుగా బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలుగుతోంది. చెవిరాజు ఆటోలో దిగితే ఎలా ఉంటుంది? మెకానిక్కు ఇద్దామంటే మెకానిక్కులంతా దొంగలాయె. అందుకని ఆదివారం పొద్దున్నే లుంగీ ఎగ్గట్టి, పోర్టికోలో పాత దుప్పటి పరిచి, తనే బానెట్ ఎత్తాడు. ఫ్యాను బెల్టు బీటలు వారి ఉంది. కొత్తది ముందే తెచ్చి పెట్టుకున్నాడు. బెల్టుతో పాటు ఆల్టర్నేటర్ని కూడా, అంటే బ్యాటరీకి కరెంటు పుట్టించే ఆ డబ్బాను కూడా, కిందికి దింపి శుభ్రంగా తుడిచాడు. తుడుస్తూ కార్లు తయారుచేసే ప్రతివాణ్ణీ తిట్టాడు. మధ్యాహ్నానికి అన్నీ యథాస్థానంలో బిగించి నడుం పట్టుకుని లేచాడు.

"ఏమండీ, ఇదేదో కింద పడి ఉంది," అంది కమలాకుమారి. ఆవిడ అరచేతిలో రూపాయి బిళ్లంత వాషరు ఉంది. మామూలు వాషర్లకంటే బాగా మందం.

నరసరాజు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆల్టర్నేటరు వెనక నుంచి వచ్చిందని గుర్తొచ్చింది. గుర్తొచ్చింది కాబట్టి మళ్లీ విప్పాలి. విప్పడమంటే తప్పు జరిగిందని ఒప్పుకోవడం. "అదా? కంపెనీవాడి తెలివితక్కువతనం," అన్నాడు. "అది లేకుండానే బోల్టు దిట్టంగా బిగిసింది. దేనికి పెట్టాడో వాడికే తెలియదు." పవన్‌కుమార్‌కు చూపించి నవ్వించడానికి పనికొస్తుందని దాన్ని ఇస్త్రీ చొక్కా జేబులో కళ్లజోడు పక్కన పడేశాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే బాపతు అన్నమాట.

కారు స్టార్ట్ చేశాడు. ఎర్రదీపం ఆరిపోయింది. ఇంజను డుబుడుబుమని హాయిగా తిరుగుతోంది. గర్వంగా తల తిప్పి చూస్తే కమలాకుమారి రెండు చెవులూ మూసుకుని గుమ్మంలోకి వెనక్కి వెళ్లిపోతోంది.

"అమ్మ బాబోయ్, ఏంటండీ ఆ కూత!"

"ఏ కూత?"

"కుక్కరు విజిలు ఆగకుండా వేస్తున్నట్టుంది. చెవులు చిల్లులు పడిపోతున్నాయి. ఆపండి ముందు!"

"నీకు లోకంలో కుక్కరు తప్ప ఇంకేం తెలుసు? అది ఇంజను. ఇంజనన్నాక మోత ఉంటుంది."

"ఆ కుక్కరైనా మీకు వినపడితేగా. మొన్న పక్కనే కూర్చుని పేపరు చదువుతూ పప్పంతా మాడబెట్టారు."

"వంటింటి కాపలా నా డ్యూటీ కాదు," అన్నాడు నరసరాజు.

ఆయనకు అలాంటి జవాబులు కొదవ లేదు. కూతురు కృష్ణప్రియ ఫోన్లో మాట్లాడితే, ఈ కాలం పిల్లలకు నోరు తెరిచి మాట్లాడటం చేతకాదని ఫోన్ భార్యకు ఇచ్చేస్తాడు. ఇంద్రేశం దోమల మీద కూడా ఆయనకు ఒక అభిప్రాయం ఉంది. మా ఊరి దోమ చెవి దగ్గర పాట పాడి మరీ కుడుతుంది, ఇక్కడి దోమలకు ఆ మర్యాద కూడా లేదు, చెప్పాపెట్టకుండా కుట్టిపోతాయి అంటాడు.

అయినా భార్య మాటను ఊరికే కొట్టిపారేశాడన్న పేరు రాకూడదని స్క్రూడ్రైవరు తెచ్చాడు. ఇంజను మీద నాలుగు చోట్ల మొన ఆనించి, పిడి చెవికి నొక్కి, కళ్లు మూసుకుని విన్నాడు. డుబుడుబు తప్ప ఏమీ లేదు. గడియారంలా నడుస్తోంది. ఆవిడకు భ్రమ అని నిర్ధారణ అయిపోయింది.

ఈలోపు పక్క ఖాళీ స్థలంలోంచి పోచయ్య వచ్చి గోడ మీదుగా తల పెట్టాడు. ఈ లేఅవుట్ ఒకప్పుడు పోచయ్య జొన్నచేను. పొలం పోయినా బర్రెలను మాత్రం వదల్లేదు. మిగిలిన ముక్కలో కొట్టం వేసుకుని పాలు పోస్తున్నాడు.

"రాజు సారూ, ఏంది సారూ గా సప్పుడు? బర్లు బెదురుతున్నయ్. పాలు చేపుతలెవ్వు."

"నా ఇంజను సంగతి నీ గేదెలకేం తెలుసయ్యా?"

"బర్రెకేం తెల్వది సారూ. చెవులైతే ఉన్నయ్ గద."

పేడలో పుట్టి పేడలో పెరిగినవాడితో ఇంజన్ల గురించి మాట్లాడటమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టేనని నరసరాజు అనుకున్నాడు. అనుకోవడమే కాదు, పోచయ్య వెళ్లకముందే పైకి అన్నాడు కూడా. పోచయ్య ఆయన మొహంలోకి ఒక నిమిషం చూసి తల తీసేశాడు.

సాయంత్రానికి కమలాకుమారి పోరు పడలేక, ఆవిడ నోరు మూయించడానికే, పటాన్‌చెరు మెయిన్ రోడ్డు మీద ఉబేద్ గ్యారేజీకి కారు తీసుకెళ్లాడు. ఉబేద్ స్టూలు మీద కూర్చుని ఫోన్లో క్రికెట్ చూస్తున్నాడు. కారు వచ్చి ఆగగానే మొహం చిట్లించాడు గాని కూర్చున్నచోటి నుంచి కదల్లేదు.

"ఆల్టర్నేటర్ ఖతం సార్. కొత్తది ఎయ్యాలె."

"బానెట్ ఎత్తకుండానే చెప్పేశావా?"

"ఎత్తుడెందుకు సార్, ఆవాజ్ చెప్తుంది గద. గల్లీ మొత్తం వింటుంది. జెర బంద్ చెయ్యుండ్రి, తల్కాయ నొస్తుంది."

నరసరాజు మనసు తృప్తితో నిండిపోయింది. పొద్దున తన చేతులతో విప్పి తుడిచిన ఆల్టర్నేటరు అది. దానికి ఏ లోపమూ లేదని ఆయనకు తెలుసు, అది నిజం కూడా. ఉబేద్ చెప్పింది పచ్చి అబద్ధం, లేదా పచ్చి బద్ధకం. "ఆడలేక మద్దెల ఓడన్నాట్ట నీలాంటివాడే," అని ఒక్కటి తగిలించి కారు వెనక్కి తిప్పాడు. దారి పొడుగునా మెకానిక్కుల జాతిని తిట్టుకుంటూ ఇల్లు చేరాడు. వంటిల్లు తప్ప తెలియని భార్య, బర్రెల పోచయ్య, దొంగ ఉబేద్. ముగ్గురినీ పూచికపుల్లల్లా తీసిపారేశాడు. ముగ్గురి మాటల్లోనూ ముగ్గురి తప్పులూ పట్టాడు. ఒకరికొకరు సంబంధం లేని ఈ ముగ్గురూ ఒకే మాట ఎందుకు చెప్పారన్నది మాత్రం ఆయన తనిఖీకి రాలేదు.

సోమవారం తెల్లచొక్కా తొడుక్కుని, స్క్రూడ్రైవరు పక్క సీట్లో పడుకోబెట్టి బయల్దేరాడు. హైవే మీదికి రాగానే ఆయనకు ఒక సంగతి కనిపించింది. జనం తనవైపు చూస్తున్నారు. షేర్ ఆటోలో వేలాడుతున్న కూలీలు మెడలు తిప్పి చూశారు. బస్‌స్టాపులో ఆడవాళ్లు చూశారు. ఇస్నాపూర్ చౌరస్తాలో ట్రాఫిక్ కానిస్టేబులు మిగతా బండ్లన్నీ ఆపి ఈయన్ని ముందు పొమ్మని గబగబా చెయ్యి ఊపాడు. శుభ్రంగా ఉంచుకున్న పాతకారు, ఇస్త్రీ చొక్కా, తెల్లమీసం. కర్మాగారం మనిషంటే ఈ చుట్టుపక్కల ఇంకా ఆ విలువ ఉందన్నమాట! నరసరాజు కానిస్టేబులుకు తల పంకించాడు. ఒక లారీ డ్రైవరు పక్కకు వచ్చి కిందికి వంగి ఏదో అరిస్తే, నమస్కారం పెట్టాడు.

పవన్‌కుమార్ యూనిట్ గేటు దగ్గర వాచ్‌మన్ వెంకటేశం కుర్చీలోంచి లేచి, రెండు చెవుల్లో రెండు వేళ్లు దోపుకుని, మోచేత్తో గేటు తోశాడు. ఇదేం అలవాటు అనుకుంటూ నరసరాజు కారు లోపలికి పోనిచ్చాడు. ఆఫీసు గదిలోంచి పవన్‌కుమార్ పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"సార్! ఆపండి సార్! ఏంటి సార్ ఆ సౌండు?"

"ఏ సౌండు?"

పవన్‌కుమార్ ఒక్క క్షణం బిత్తరపోయి, అంతలోనే నవ్వేశాడు. "నాకు పరీక్ష పెడుతున్నారా సార్? మీ అలవాటు పోలేదు. బెల్టే సార్ అది, కదా?"

 నరసరాజు చూపు వెంకటేశం మీద ఉంది. తాళం తిప్పి ఇంజను ఆపాడు. వెంకటేశం చెవుల్లోంచి వేళ్లు తీశాడు. మళ్లీ తిప్పాడు. వేళ్లు మళ్లీ చెవుల్లోకి వెళ్లాయి. ఆపాడు. వేళ్లు దిగాయి. మెషీన్ల మీద ఆయన జీవితమంతా చేసిన పరీక్ష ఇదే. ఒకటి మారిస్తే ఏది మారుతుందో చూడటం. మనిషి మొహం మీద చేయడం మాత్రం ఇదే మొదలు.

"నువ్వు లోపలికెళ్లి టీ చెప్పు. నేనొస్తా," అన్నాడు పవన్‌కుమార్‌తో.

పవన్‌కుమార్ వెళ్లగానే డిక్కీలోంచి స్పానర్లు తీశాడు. బెల్టు వదులు చేసి తీసి పక్కన పెట్టి, ఇంజను స్టార్ట్ చేసి వెంకటేశం వైపు చూశాడు. వెంకటేశం నిమ్మళంగా నిలబడి ఉన్నాడు. అంటే కూత ఇంజనుది కాదు, బెల్టుది. కొత్త బెల్టు ఎందుకు కూస్తుంది? వంగి చూద్దామని కళ్లజోడు కోసం జేబులో చెయ్యి పెడితే వేళ్లకు వాషరు తగిలింది.

అరచేతిలో దాన్ని చూస్తూ నిలబడిపోయాడు. ఇది లేకపోవడంతో ఆల్టర్నేటరు వెనక్కి జరిగింది. దాని చక్రం మిగతా చక్రాల వరస తప్పింది. బెల్టు వంకరగా రాసుకుంటూ తిరుగుతోంది. పదో తరగతి తప్పినవాడికి కూడా అర్థమయ్యే లోపం. వాషరు దాని చోట పెట్టి, బోల్టు బిగించి, బెల్టు ఎక్కించి మళ్లీ స్టార్ట్ చేశాడు. వెంకటేశం వేళ్లు లేవలేదు.

"పోయిందా?" అని అడిగాడు నరసరాజు.

"పోయింది సారూ. పానం నిమ్మళమైంది. ఎట్ల నడుపుకుంట వచ్చిండ్రు సారూ గంత దూరం?"

నరసరాజుకు ముందూ వెనకా ఒక్కటే డుబుడుబు. ఆయనకు భయం వేసింది. మాడిన పప్పు గుర్తొచ్చింది. గొణుగుతుందని తిట్టిన కూతురు గుర్తొచ్చింది. మర్యాద లేని దోమలు గుర్తొచ్చాయి. హైవే మీద తాను పెట్టిన నమస్కారం గుర్తొచ్చి చెవులు ఎర్రబడ్డాయి. ఎర్రబడటానికి తప్ప అవి ఇంకెందుకూ పనికిరావని తెలిశాక, కారెక్కి ఇంటికి వెళ్లిపోదామనుకున్నాడు. కాని పవన్‌కుమార్ టీ కప్పుతో ఎదురొచ్చాడు. వెనక అరడజను మంది కుర్రాళ్లు చెవిరాజును చూడటానికి చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆయన స్క్రూడ్రైవరు తీసుకుని లోపలికి నడిచాడు. పరువు అంత తొందరగా చావదు.

షెడ్డులో ప్రెస్సులు దబదబా దిగుతున్నాయి. ఒక్కడి చెవిలోనూ బిరడా లేదు. గోడవార బల్ల మీద విప్పని బిరడాల ప్యాకెట్లు దుమ్ము కొట్టుకుని ఉన్నాయి.

"తనిఖీ వాళ్లొస్తే చూపించడానికే సార్ అవి," అన్నాడు పవన్‌కుమార్ గర్వంగా. "మా దగ్గర ఎవడూ పెట్టుకోడు. వంటవాడు ముక్కుకు గుడ్డ కట్టుకుంటాడా? మీ స్కూలే సార్ ఇదంతా."

నరసరాజు టీ కప్పు ఆ ప్యాకెట్ల పక్కన పెట్టేశాడు.

పెద్ద ప్రెస్సును ఖాళీగా తిప్పి చూపించారు. ఆపరేటరు బీహార్ నుంచి వచ్చిన పాతికేళ్ల వాడు. మెషీన్ తిరుగుతుంటే వాడి మొహం చిట్లింది. పవన్‌కుమార్ పళ్లు బిగబట్టి, "ఇదే సార్, ఈ కీచే," అన్నాడు. నరసరాజు క్లచ్చు మీద మొన ఆనించి, పిడి చెవికి నొక్కి, కళ్లు మూసుకున్నాడు. చుట్టూ అందరూ ఊపిరి బిగబట్టారు, అచ్చం పాతరోజుల్లోలా. దబ్, దబ్ అని బరువు మోత వినిపించింది. దాని పైన ఉండాల్సిన సన్నటి సంగతులన్నీ, ఒకప్పుడు తాను ఒక్కొక్కటీ విడదీసి చెప్పినవన్నీ, లేవు. పిడిని ఎముక నొప్పి పుట్టేలా నొక్కాడు. అయినా లేవు.

కళ్లు తెరిచాడు. ఎదురుగా అన్ని మొహాలూ ఆయన్నే చూస్తున్నాయి. ఏం చెప్పాలి? పవన్‌కుమార్ వినయంగా చెయ్యి చాచాడు. ఆ చాచిన చేతిలోకి, ఏళ్ల తరబడి అలవాటైన చెయ్యి దానంతటదే వెళ్లి స్క్రూడ్రైవరు పెట్టేసింది.

"ఓకే!" అని ఎగిరి గంతేశాడు పవన్‌కుమార్. "సార్ ఓకే చేసేశారు! చలో భాయ్, షురూ కరో! మాల్ లగావ్!"

కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. ఆపరేటరు రేకు ముక్క తీసుకుని ప్రెస్సు కిందికి తోశాడు. దాన్ని సరిచేయడానికి వాడి రెండు చేతులూ మణికట్టుదాకా లోపలికి వెళ్లాయి. పెడల్ మీదికి కాలు లేచింది.

"ఆపు!"

అంత పెద్ద కేక ఆ షెడ్డులో ఎవరూ విని ఉండరు. నరసరాజు వాడి భుజం పట్టి వెనక్కి లాగేసి, మెయిన్ స్విచ్ మీద తనే గుద్దాడు.

"ఏమైంది సార్? క్లచ్చేనా?"

"నాకు తెలియదు."

"అదేంటి సార్? ఇప్పుడే కదా స్క్రూడ్రైవరు..."

"ఇచ్చాను. బుద్ధి లేక ఇచ్చాను. ఆ కీచు నీకు వినపడుతోందా?"

"అందరికీ వినపడుతోంది సార్."

"నాకు వినపడలేదయ్యా," అన్నాడు నరసరాజు. "ఇందాక నా కారు కూతా పడలేదు. ఇంట్లో కుక్కరూ పడటం లేదు. ఎన్నాళ్ల నుంచో కూడా తెలియదు. ఆ కంపెనీవాణ్ణి పిలిచి దీన్ని మొత్తం విప్పించు. అప్పటిదాకా ఎవడి చేతులూ దీని కింద పెట్టించకు. ఆ ప్యాకెట్లు ఇప్పుడే విప్పి అందరికీ ఇవ్వు."

"మీరే కదా సార్ వంటవాడు ముక్కుకు..."

"ఆ మాట అన్నవాడొక వెధవ," అన్నాడు నరసరాజు. ఎవణ్ణో ఒకణ్ణి వెధవ అనడం ఆయనకు కొత్త కాదు. ఈ ఒక్కసారే తనిఖీ సరిగ్గా చేసి అన్నాడు.

తిడతారేమో, నవ్వుతారేమో అనుకున్నాడు. తిడితే తిరిగి తిట్టడం ఆయనకు తెలుసు. కాని పవన్‌కుమార్ మొహం జాలితో మెత్తబడిపోయింది. అంతవరకూ మామూలుగా మాట్లాడినవాడు, ఉన్నట్టుండి ఆయన మోచెయ్యి పట్టుకుని చెవి దగ్గరికి వంగి, "జాగ్రత్త సార్! మెట్టుంది!" అని అరవడం మొదలుపెట్టాడు. వారానికో రోజు రమ్మన్న మాట మళ్లీ ఎత్తలేదు. కారు దాకా తీసుకొచ్చి తలుపు తీసి, "ఇంటికెళ్లాక ఫోన్ చేయండి సార్!" అని మరొక్కసారి అరిచాడు. అంతలోనే, "లేదులెండి, మేడమ్‌తో చేయించండి!" అని దిద్దుకున్నాడు.

దారిలో ఆయనవైపు ఎవరూ చూడలేదు.

ఇంటికొచ్చేసరికి కమలాకుమారి గేటు తీసి ఆశ్చర్యంగా నిలబడింది. "అరె, పోయిందండీ ఆ కూత! ఎవరు బాగుచేశారు?"

నరసరాజు ఇంజను ఆపలేదు. కారులోంచి తల బయట పెట్టి, "నిజంగా పోయిందా? దగ్గరికొచ్చి సరిగ్గా విను," అన్నాడు.

ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఆవిణ్ణి దేన్ని గురించీ అభిప్రాయం అడిగినవాడు కాదు. కమలాకుమారి అనుమానంగా చూసి, చెంగు దోపుకుని బానెట్ మీదికి వంగింది. ఆయన యాక్సిలరేటరు కొద్దిగా తొక్కి ఆవిడ మొహంలోకి చూశాడు.

"ఇప్పుడు?"

"లేదండీ."

ఇంకొంచెం గట్టిగా తొక్కాడు. "ఇప్పుడు?"

ఆవిడ జవాబు చెప్పబోయి, చటుక్కున తల ఇంటివైపు తిప్పి, మాట మధ్యలోనే వదిలేసి లోపలికి పరుగెత్తింది. ఏమైందో ఆయనకు అర్థం కాలేదు. ఇంజను ఆపి, ఊపిరి బిగబట్టి, చెవి ఇంటివైపు పెట్టాడు. వంటింటి కిటికీలోంచి ఆవిరి వస్తోంది. కుక్కరు కూస్తున్నట్టుంది.